ఇద్దరుగా వెళ్లవలసిన దారి: రెండు రోజుల కోనసీమ కారు యాత్రపై సమీక్ష

రాజమహేంద్రవరంలోని ఒక ట్రావెల్స్ వారు నడుపుతున్న రెండు రోజుల కోనసీమ యాత్రను నేను ఇప్పటికి రెండుసార్లు చేశాను. మొదటిసారి మూడేళ్ల క్రితం, ఉద్యోగ విరమణ చేసిన కొత్తలో, ఒక్కదాన్నే వెళ్లాను. రెండోసారి ఈ ఏడాది సంక్రాంతి వెళ్లిన పది రోజులకు మా వదినగారితో కలిసి వెళ్లాను. కారు అదే తరహాది, దారి దాదాపు అదే, రాత్రి బస కూడా దిండిలో అదే చోట. అయినా మొదటి ప్రయాణం గురించి ఎవరైనా అడిగితే "పరవాలేదు" అన్న ఒక్క మాటతో సరిపెట్టిన నేను, రెండో ప్రయాణం తర్వాత దీని గురించి వివరంగా రాయకుండా ఉండలేకపోయాను. సేవలోని లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున సంస్థ పేరు రాయడం లేదు. రాజమహేంద్రవరంలోనూ అమలాపురంలోనూ ఇదే పద్ధతిలో కార్లు పంపేవారు చాలామంది ఉన్నారు కనుక, వారిలో ఎవరిని మాట్లాడుకున్నా ఈ విషయాలు పనికివస్తాయి.

ఉదయం ఆరు గంటలకు రైల్వే స్టేషను దగ్గర ఎక్కించుకుని ధవళేశ్వరం, బొబ్బర్లంక, ఆత్రేయపురం, ర్యాలి, రావులపాలెం, అంబాజీపేట, పి.గన్నవరం, అప్పనపల్లి చూపిస్తూ సాయంత్రానికి దిండి చేరుస్తారు. మర్నాడు మలికిపురం దాటి అంతర్వేది వెళ్లి, సఖినేటిపల్లి రేవులో గోదావరి పాయ అయిన వశిష్ఠను దాటి, నరసాపురం, పాలకొల్లు చూసుకుని, సిద్ధాంతం వంతెన మీదుగా రాత్రికి మళ్లీ రాజమహేంద్రవరం తీసుకువస్తారు. ఈసారి మాకు డీజిలుతో కలిపి కారుకు 9,000 రూపాయలు, డ్రైవరు బత్తా, రాత్రి హాల్టు కలిపి 1,000, దిండిలో గదికి 2,200, మొత్తం 12,200 అయింది. భోజనాలు, గుళ్లలో టిక్కెట్లు, రేవులో నది దాటించే పంటు చార్జీ మనమే పెట్టుకోవాలి.

ఈ 12,200 ఒక మనిషికి కాదు, బండికీ గదికీ కలిపి. ఒక్కరు వెళ్లినా అంతే, ఇద్దరు వెళ్లినా అంతే. మొదటిసారి నేను మొత్తం కిరాయి ఒక్కదాన్నే కట్టి, ఖాళీగా ఉన్న వెనక సీటు మీద నా చేతిసంచి ఒక్కటీ పెట్టుకుని తిరిగాను. ఈసారి చెరి 6,100 పెట్టుకున్నాం. ఫోనులో బేరం కుదుర్చుకుంటున్నప్పుడు ఈ లెక్క విన్న మా వదినగారు, "అయితే మొన్న మిగతా సీట్లకి కూడా నువ్వే కిరాయి కట్టావన్నమాట అమ్మాయ్" అన్నారు. నిజమే. అయితే డబ్బు కలిసిరావడం చిన్న లాభమనీ, అసలు లాభం వేరే ఉందనీ ధవళేశ్వరం దాటిన అరగంటలోనే నాకు అర్థమైంది.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూపించడం ఈ యాత్రలో మొదటి మజిలీ. గోదావరి మీద కాటన్ దొర కట్టించిన, 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట గురించి, దానికి ముందు ఈ ప్రాంతం చూసిన కరవుల గురించి, తుఫానుల గురించి అక్కడి బొమ్మలు, పటాలు, నమూనాలు చక్కగా చెప్తాయి. పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి పూర్తయిన కొత్త బ్యారేజీని కూడా కాటన్ పేరుతోనే పిలుస్తున్నారు. మొదటిసారి నేను ప్రతి పలకా చదివి, తేదీలు రాసుకుని, తృప్తిగా బయటికి వచ్చాను. చదువుకున్న మనిషికి అంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

ఈసారి కారు బ్యారేజీ దాటి బొబ్బర్లంక చేరినప్పుడు, మా వదినగారు డ్రైవరును ఒక్క నిమిషం ఆపమన్నారు. ధవళేశ్వరం దగ్గర తూర్పు డెల్టా కాలువ, విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువ బయలుదేరినట్లే, కోనసీమకు నీళ్లిచ్చే మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర బయలుదేరుతుంది. ఆమె పుట్టిన ఊరు రాజోలు వైపు, అదే కాలువకు శివారున ఉంది. గేట్ల కిందినుంచి నురగలు కక్కుతూ వస్తున్న నీటిని చూస్తూ ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఎండాకాలానికి ముందు శివారు చేలకు నీళ్లు అందక వంతులు పెట్టుకున్న రోజులు, అర్ధరాత్రి లాంతరు పట్టుకుని నాన్నగారు తూము దగ్గరికి వెళ్లడం, ఎగువ రైతులతో మాటామాటా పెరగడం, కాలువ కట్టేసే ముందు ఇంటింటా గాబులు నింపుకోవడం, ఇవన్నీ ఒక్కొక్కటిగా చెప్పారు. ఆమె చిన్నతనంలో ఆ కాలువల్లో ప్రయాణికుల పడవలు తిరిగేవి. లాకుల దగ్గర పడవ ఆగి, తలుపులు మూసుకుని, నీటిమట్టం సమానమయ్యేదాకా గంటసేపు కూర్చోవలసి వచ్చేదట. ఆ గంటలో అమ్మమ్మ కొనిపెట్టిన వేయించిన వేరుశనక్కాయల రుచి ఇప్పటికీ నాలుక మీద ఉందన్నారు. మ్యూజియంలో నేను చదివిన అంకెలన్నిటికీ అప్పుడు ప్రాణం వచ్చింది. ఆనకట్ట ఎంత పొడవో నాకు తెలుసు, ఆ నీరు ఆఖరి చేనుకు చేరడానికి మనుషులు ఏం పడ్డారో ఆమెకు తెలుసు. ఈ రెండూ ఒక కారులో చేరడం వల్ల నాకు కలిగిన లాభాన్ని ఏ గైడూ ఇవ్వలేడు. మొదటిసారి ఇదే చోట నేను కారు ఆపమని కూడా అనలేదు.

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఒక ఇంటికి తీసుకువెళ్తారు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే, రెప్పపాటులో కాగితం కంటే పలుచని రేకు లేస్తుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ విద్యను దగ్గరగా చూసే అవకాశం కల్పించినందుకు నిర్వాహకులను మెచ్చుకోవాలి. అయితే అక్కడ ఇచ్చిన పావుగంట చాలదు. ఆ మంట దగ్గర గంటల తరబడి కూర్చునే ఆడవాళ్లు కొత్తవారితో మొదట ఎక్కువ మాట్లాడరు. మా వదినగారు మాత్రం వెళ్లి పీట లాక్కుని కూర్చుని, పిండి ఎంతసేపు నానాలి, చేతులు కాలవా, రోజుకు ఎన్ని రేకులు తీస్తారని అడుగుతుంటే, పది నిమిషాల్లో వాళ్లు తమ పిల్లల చదువుల దాకా చెప్పేశారు. నాకు ప్రశ్నలు తెలుసుగాని, అలా పీట లాక్కుని కూర్చునే చనువు రాదు. తోడు వచ్చిన మనిషికి మనకు లేని గుణం ఉంటే, ఆ గుణం వల్ల తెరుచుకునే తలుపులన్నీ మనకూ తెరుచుకుంటాయి.

ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి ఆలయం విషయంలో నాకు ఒక పాత బాధ ఉంది. ముందు వైపు కేశవుడుగా, వెనక వైపు జగన్మోహినిగా ఒకే సాలగ్రామ శిలలో ఉన్న ఆ మూర్తిని చూడడానికే నేను మొదటిసారి ఈ యాత్రకు బయలుదేరాను. ఆత్రేయపురంలో ఆలస్యమైందని, గుడి మూసేస్తారని చెప్పి అప్పటి డ్రైవరు నేరుగా రావులపాలెం తీసుకువెళ్లిపోయాడు. నేను ఒక్కదాన్నే ఉండి, దారి తెలియక, అతని మాట కాదనలేకపోయాను. గుడి ఇంకా తెరిచే ఉండేదని తర్వాత తెలిసింది. ఈసారి బయలుదేరేటప్పుడే మా వదినగారు చేరవలసిన చోట్లన్నీ కాగితం మీద రాసి, డ్రైవరు చేతికి ఒక ప్రతి ఇచ్చి, "బాబూ, ఇందులో ఒక్కటి తగ్గినా మేము ఒప్పుకోము" అన్నారు. ఇద్దరు ఒక మాట మీద ఉంటే దానికి వచ్చే బరువు వేరు. గుడిలో అర్చకులు దీపం చూపిస్తూ ముందు ఒకసారి, చుట్టూ తిప్పి వెనక ఒకసారి వివరించారు. వెనక వైపు కొప్పు ముడిలోని పనితనాన్ని నాకు చూపించింది మా వదినగారే. ముందు వైపు చుట్టూ చెక్కిన చిన్న మూర్తులను ఆమెకు చూపించింది నేను.

టిఫిను అంబాజీపేటలో. కొబ్బరికాయల మార్కెట్టుకు ఎంత పేరో, పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలకూ ఈ ఊరికి అంత పేరు. మినప్పిండి రుబ్బు ఇడ్లీదే అయినా, పనసాకు వాసన పట్టడం వల్ల దాని రుచే మారిపోతుంది. ఒక్కరే వెళితే ఏదో ఒకటి తిని లేవాలి. ఇద్దరం కావడం వల్ల పొట్టిక్కలు ఒక ప్లేటు, ఉప్మా పెసరట్టు ఒకటి చెప్పుకుని చెరిసగం పంచుకున్నాం. వయసు మీద పడ్డాక ఆకలి తగ్గుతుంది, రుచి చూడాలన్న కోరిక మాత్రం తగ్గదు. ఆ రెండింటికీ పొత్తు కుదరాలంటే ఎదుట మరొకరు కూర్చుని ఉండాలి.

గన్నవరం దగ్గర వైనతేయ నది మీదుగా కాలువ దాటే అక్విడెక్టు ఈ యాత్రలో నాకు అత్యంత ఇష్టమైన చోటు. కింద నది, పైన కాలువ. 19వ శతాబ్దంలో కట్టిన పాత నిర్మాణం పక్కనే కట్టిన కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 1841 నుంచి 1909 వరకు జీవించిన ఆ తల్లి దగ్గరలోని లంకల గన్నవరంలో, వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు సైతం అన్నం పెట్టి, అపర అన్నపూర్ణ అనిపించుకుంది. లంకల మధ్య రేవులు దాటుకుంటూ నడిచే ఆనాటి ప్రయాణికులు చీకటి పడితే ఏ గుమ్మం ముందు ఆగాలో తెలియక ఎంత భయపడేవారో, అలాంటివారికి ఒక తెరిచిన తలుపు ఉండడం ఎంత పెద్ద విషయమో ఆ వంతెన మీద నిలబడితే అర్థమవుతుంది. యాత్ర నిర్వాహకులు మాత్రం ఇక్కడ ఆపడం లేదు, దారిలో చూపిస్తూ పోతారు. అడిగితే ఆపుతారు. తప్పక అడగండి.

అప్పనపల్లి బాలబాలాజీ దర్శనం త్వరగా అయింది. వైనతేయ ఒడ్డున ఉన్న ఆ ఆలయంలో అన్నదానం సత్రంలో భోజనం చేసి, సాయంత్రం నాలుగున్నరకు దిండి చేరాం.

దిండిలో బస గురించి నాకున్న అభిప్రాయాలు మిశ్రమం. వశిష్ఠ ఒడ్డున కొబ్బరితోటల మధ్య ఉన్న ఆ చోటును దేనితోనూ పోల్చలేం. పొద్దు వాలే వేళ నదిలో అరగంట పడవ తిప్పారు. ఎక్కేముందు మా ఇద్దరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చి, తాళ్లు బిగించి చూసుకునేదాకా పడవ కదిలించలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం గోదావరి మనుషులెవరూ మరిచిపోలేనిది కనుక, ఈ జాగ్రత్తను నేను చాలా పెద్ద గుణంగా లెక్కిస్తున్నాను. గది విషయంలో మాత్రం సంతృప్తి కలగలేదు. ఇద్దరమని ముందే చెప్పినా రెండో దుప్పటి కోసం మూడుసార్లు అడగవలసి వచ్చింది. వేడినీళ్లు ఉదయం ఏడు దాటితేగాని రాలేదు. భోజనం బాగుంది. పనసపొట్టు కూర మరీ బాగుంది.

అయితే ఈ బసకు సంబంధించి నేను ముఖ్యంగా చెప్పదలచింది మొదటిసారి జరిగిన విషయం. అప్పుడు నేను ఒక్కదాన్నే సంచితో దిగితే, బల్ల దగ్గర ఉన్న మనిషి రిజిస్టరులో పేరు రాసుకునేముందు అడిగిన ప్రశ్నలు నన్ను చాలా నొప్పించాయి. "ఒక్కరేనా అండీ? ఇంకెవరూ రారా? మీవాళ్ల ఫోన్ నంబరు ఇవ్వండి" అంటూ, ముప్పయ్యేళ్లకు పైగా ఉద్యోగం చేసి విరమించిన నన్ను ఇంట్లో అలిగి వచ్చిన మనిషిని చూసినట్లు చూశాడు. ఆ రాత్రి తలుపు గొళ్లెం రెండుసార్లు లేచి చూసుకున్నాను. నది వైపు వరండాలో కూర్చోవాలని ఉన్నా తొమ్మిదింటికే లోపలికి వెళ్లిపోయాను. ఒంటరిగా వచ్చిన స్త్రీని ఇలా ప్రశ్నించడం తప్పు, ఆ తప్పు సరిదిద్దుకోవలసింది బస నడిపేవారే. ఒంటరి స్త్రీలు తోడు తెచ్చుకోవడం దానికి పరిష్కారం కాదు. కాని ఉన్న పరిస్థితి చెప్పకుండా దాచడం సమీక్ష అనిపించుకోదు. ఈసారి అదే బల్ల దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. వరండాలో మేమిద్దరం రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం. అవతలి ఒడ్డున దీపాలు, వంతెన మీద లారీల వెలుతురు, నీటి మీద అప్పుడప్పుడు చేప ఎగిరిన చప్పుడు. మా అన్నయ్య చనిపోయిన తర్వాత నేనూ వదినా ఆయన గురించి కన్నీళ్లు లేకుండా మాట్లాడుకున్నది ఆ రాత్రే. ఇంట్లో అయితే ఎవరో ఒకరు వస్తూ పోతూ ఉంటారు, ఏదో పని గుర్తొస్తుంది. కారులో ఒక పగలంతా పక్కపక్కన కూర్చుని, కొత్త చోట ఒక రాత్రి గడిపితే, ఇరవయ్యేళ్లుగా ఆగిపోయిన మాటలు వాటంతట అవే బయటికి వస్తాయి. ఇది 2,200 రూపాయల గదిలో భాగం కాదని నాకు తెలుసు, కాని ఆ గది లేకపోతే జరిగేది కాదు.

రెండో రోజు అంతర్వేది. వశిష్ఠ సముద్రంలో కలిసే ఈ చోట లక్ష్మీనరసింహస్వామి కొలువై ఉన్నాడు. మాఘ శుద్ధ ఏకాదశినాడు, అంటే భీష్మ ఏకాదశికి, ఇక్కడ జరిగే రథోత్సవానికి జనం పోటెత్తుతారు. ఉత్సవం నాటికి ఇంకా కొన్ని రోజులు ఉండడంతో మాకు దర్శనం సులువుగా అయింది. దర్శనం తర్వాత సాగర సంగమానికి, అక్కడివారు అన్నాచెల్లెళ్ల గట్టు అని పిలిచే చోటికి వెళ్లాం. నది నీరు ఒక రంగులో, సముద్రపు నీరు ఒక రంగులో కనిపిస్తూ, రెండూ ఒరుసుకునే చోట నురగ గీతలా సాగుతూ ఉంటుంది.

సంగమ స్నానం చేయదలచినవారు తోడు లేకుండా నీటిలోకి దిగకూడదని నా గట్టి అభిప్రాయం. పైకి మోకాలి లోతులా కనిపించే చోట కూడా ఆటుపోట్ల వేళ కింద నీరు లాగేస్తుంది, కాళ్ల కింద ఇసుక కదిలిపోతుంది. మొదటిసారి నేను నగలు, సంచి, ఫోను ఎవరికి అప్పగించాలో తెలియక, నీళ్లు తలమీద చల్లుకుని తిరిగి వచ్చాను. ఈసారి ఒకరు స్నానం చేస్తుంటే ఒకరు ఒడ్డున సంచులు పట్టుకుని, నీటి వైపే కళ్లు పెట్టుకుని నిలబడ్డాం. ఆమె మూడు మునకలు వేసేంతసేపూ నేను లెక్కపెడుతూనే ఉన్నాను.

అక్కడే ఇంకొకటి జరిగింది. నాకు పదేళ్లుగా షుగరు ఉంది. ఉదయం మాత్ర వేసుకున్నాను, దర్శనం తొందరలో టిఫిను సరిగా తినలేదు, పైన ఎండ. స్నానం చేసి ఒడ్డుకు వచ్చిన తర్వాత నేను ఏదో చెప్తున్నాననుకుంటున్నాను, కాని మాట తడబడుతోందని నాకు తెలియలేదు. మా వదినగారు నా మొహం చూసి, "అమ్మాయ్, నీకు చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి, కూర్చో ముందు" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, సంచిలోంచి పటికబెల్లం ముక్కలు తీసి నోట్లో పెట్టారు. పావుగంటలో తేరుకున్నాను. తర్వాత కారులో కూర్చోబెట్టి ఇడ్లీలు తినిపించారు. రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు ఆ సంగతి పడిపోతున్న మనిషికి తెలియకపోవడమే దానిలోని అసలు ప్రమాదం. తడి బట్టలతో వణుకుతున్నాననీ, ఎండకు చెమట పడుతోందనీ నేను సరిపెట్టుకునేదాన్ని. డ్రైవరు కారు దగ్గర, దూరంగా ఉన్నాడు. చుట్టూ ఉన్నవారికి నేను కొత్త మనిషిని, నా మామూలు మొహం ఎలా ఉంటుందో తెలియనివారు. మొహంలో తేడా కనిపెట్టాలంటే తేడా లేనప్పటి మొహం తెలిసినవారు పక్కన ఉండాలి. షుగరు, గుండె జబ్బు, మూర్ఛ వంటివి ఉన్నవారు ఈ యాత్రకు ఒంటరిగా వెళ్లవద్దని చెప్పడానికి నాకు ఏమాత్రం సంకోచం లేదు. వెంట వచ్చేవారికి మీ మాత్రల పేర్లు, డాక్టరు ఫోను నంబరు ముందే చెప్పి ఉంచండి.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కడం ఈ యాత్రకు మకుటం. రెండు పెద్ద పడవలను పక్కపక్కన చేర్చి, మీద చెక్కల బల్లపరుపు వేసి, ఇంజనుతో నడిపే దానిని ఇక్కడ పంటు అంటారు. మనుషులు, మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు అన్నీ దాని మీదే దాటుతాయి. అవతల నరసాపురం. మొదటిసారి డ్రైవరు, రేవులో ఆలస్యమవుతుందని, చించినాడ వంతెన మీదుగా తిప్పి తీసుకువెళ్లాడు. నదిని దాటాను, కాని నదిని చూడలేదు. యాత్ర పట్టికలో పంటు ప్రయాణం ఉన్నా దానిని ఇలా ఎగ్గొట్టడం డ్రైవర్లకు అలవాటుగా ఉన్నట్లుంది. ఈసారి కూడా ఆ సూచన వచ్చింది. కాగితం చూపించాం. కారు పంటు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మనం కారులో ఉండకూడదు. దిగి నడిచి ఎక్కాలి. వాలు చెక్కల మీద తడి ఉంటుంది కనుక మోకాళ్ల నొప్పులున్న మా వదినగారికి నా భుజం, నాకు ఆమె చెయ్యి ఆసరా అయ్యాయి. నడి గోదావరిలో గాలికి ఆమె కొంగు ఎగురుతుంటే పట్టుకుని, "మా నాన్న నన్ను అత్తారింటికి దిగబెట్టడానికి ఈ రేవే దాటించాడు" అన్నారు. నాకు ఆ సంగతి ఇన్నేళ్లుగా తెలియదు. ఆమె కోడలుగా వచ్చింది మా ఇంటికే కదా. ఆ రోజు నేను పాలకొల్లులో మా గుమ్మం దగ్గర హారతి పళ్లెం పట్టుకుని ఎదురుచూస్తున్నాను. అవతలి ఒడ్డున ఆమె ఏం చూసుకుంటూ వచ్చిందో తెలుసుకోవడానికి నాకు ఇంత కాలం పట్టింది.

నరసాపురంలో లేసు అల్లికల దుకాణాల దగ్గర గంట ఆగాం. పాలకొల్లు క్షీరారామం పంచారామాల్లో ఒకటి. తొమ్మిది అంతస్తుల రాజగోపురం దూరంనుంచే కనిపిస్తుంది. అది మా ఊరే కనుక దాని గురించి నేను నిష్పక్షపాతంగా రాయలేను.

డ్రైవరు గురించి న్యాయంగా చెప్పాలి. ఈసారి వచ్చిన అబ్బాయి మర్యాదస్థుడు, ఏటిగట్ల మీది సన్నని దారుల్లో నెమ్మదిగా నడిపాడు, ఫోను మాట్లాడుతూ నడపలేదు. మొదటిసారి వచ్చినవాడు అలా కాదు. ఒకే సంస్థ పంపిన ఇద్దరిలో ఇంత తేడా ఉండడం సేవలో లోపమే. ఎవరు వస్తారన్నది మన చేతుల్లో లేదు కనుక, ఇద్దరుంటే ఒకరు దారి చూసుకుంటూ, ఒకరు మాట్లాడుతూ ఉండవచ్చు. అలసి ఒకరు నిద్రపోయినా ఒకరు మెలకువగా ఉంటారు. రెండో రోజు సాయంత్రం సిద్ధాంతం దగ్గర నేను నిద్రలోకి జారుకున్నాను. రావులపాలెం దాటాక మెలకువ వచ్చి చూస్తే, మా వదినగారు డ్రైవరుతో అతని పెళ్లి విషయం మాట్లాడుతున్నారు. అతనికి నిద్ర రాకుండా చూసే బాధ్యత ఆమె తీసుకున్నారు.

ఎవరు పడితే వారు తోడు కారన్నది కూడా చెప్పాలి. మా వదినగారు తెల్లవారుజామున నాలుగుకే లేస్తారు, నాకు ఆరు కావాలి. గుడిలో ఆమె అరగంట జపం చేసుకుంటారు, మ్యూజియంలో నేను అరగంట చదువుకుంటాను. ధవళేశ్వరంలో ఆమె ఇరవై నిమిషాలు బయట బల్ల మీద కూర్చుని విసుక్కున్న మాట నిజం. ర్యాలిలో నేను అంతే విసుక్కున్నాను. మధ్యాహ్నం అప్పనపల్లి సత్రంలో పక్కపక్కన కూర్చుని, ఎవరికి ఏది ముఖ్యమో అక్కడ తొందరపెట్టకూడదని ఒప్పుకున్నాం. ఆ తర్వాత ఇబ్బంది రాలేదు. డబ్బు విషయంలో బయలుదేరేరోజే చెరి 3,000 వేసి ఒక చిన్న సంచి పెట్టాం. టీ నుంచి పంటు చార్జీ దాకా అందులోంచే ఇచ్చాం. ఎవరు ఎంత పెట్టారన్న లెక్క మా మధ్యకు రాలేదు, మిగిలింది చివర చెరిసగం తీసుకున్నాం. ఎప్పుడూ ఫిర్యాదు చేసే మనిషితో వెళ్లడం కంటే ఒంటరిగా వెళ్లడమే మేలు. పరిచయం కొత్త అయితే ముందు ఒక్క పగటి ప్రయాణం చేసి చూసుకోండి. కోటిపల్లి, ద్రాక్షారామం వెళ్లి సాయంత్రానికి తిరిగి వస్తే చాలు, ఎదుటివారి నడకా ఓపికా తెలిసిపోతాయి.

ఒంటరి ప్రయాణానికి ఉండే సుఖం నాకు తెలుసు. మొదటిసారి ధవళేశ్వరంలో గడిపినంత తీరిక ఈసారి దొరకలేదు. కాని ఆ ప్రయాణం ఫోటోలు తీసి చూస్తే అన్నీ గుళ్లూ గోపురాలే, వాటిలో నేను ఎక్కడా లేను. ఏ ఫోటో ఏ ఊరిదో రెండింటికి చెప్పలేకపోయాను. ఈసారి ప్రయాణాన్ని ఇంటికి వచ్చాక మా మేనల్లుడికి ఇద్దరం కలిసి చెప్పాం. నేను మరిచింది ఆమె అందించారు, ఆమె తప్పు చెప్పింది నేను సరిచేశాను, కొన్నిచోట్ల ఇద్దరం వాదించుకున్నాం కూడా.

వెళ్లదలచినవారికి కొన్ని మాటలు. కాలం కార్తీకం నుంచి మాఘం దాకా బాగుంటుంది. వరదల రోజుల్లో పంటు, పడవలు ఆపేస్తారు కనుక జూలై నుంచి సెప్టెంబరు దాకా ఈ యాత్ర పెట్టుకోకండి. ఫోనులో మాట్లాడేటప్పుడే ర్యాలి, గన్నవరం అక్విడెక్టు, సఖినేటిపల్లి రేవు తప్పనిసరి అని చెప్పి, వాట్సాప్‌లో రాయించుకోండి. ఆత్రేయపురంలో గంట అడగండి. గదిలో ఇద్దరికీ వేరువేరు దుప్పట్లు, ఉదయం ఆరుకే వేడినీళ్లు కావాలని ముందే చెప్పండి. అడ్వాన్సు 2,000 కంటే ఎక్కువ ఇవ్వవలసిన పని లేదు, మేము అంతే ఇచ్చాం. మిగతాది రాజమహేంద్రవరం స్టేషను దగ్గర దిగాక లెక్క చూసుకుని కట్టాం. రసీదు మా వదినగారే అడిగి తీసుకున్నారు.